కొలతల మేస్త్రి బడి బల్లలు

ఆ వీధిలో కుర్చీ చేయించుకోవడమంటే పెద్ద తతంగం. కొలతల మేస్త్రి దగ్గరకు వెళ్లి "నాకో కుర్చీ కావాలి" అంటే సరిపోదు. చెప్పులు విప్పమంటాడు. గోడకు ఆనుకుని నిలబడమంటాడు. మడమ నుంచి మోకాలి దాకా, నడుము నుంచి మెడ దాకా టేపు పట్టి, చెవి మీది పెన్సిలు తీసి, అట్ట చిరిగిన నోటు పుస్తకంలో రాసుకుంటాడు. తొందరపడ్డారో, ఇంతే సంగతులు. "బజార్లో బోలెడు కుర్చీలున్నాయి, పోయి కొనుక్కో. అవి ఎవరి కోసమూ చేసినవి కావు, నీక్కూడా సరిపోవు" అని మొహం మీదే అనేస్తాడు. ఎదురుగా సెలూన్ నడిపే ఆయనకు ఎడమ కాలు రవ్వంత పొట్టి. ఆ సంగతి ఆయనకే తెలియదు. మేస్త్రి స్టూలు కోసం కొలిచినప్పుడు బయటపడింది. ఊరంతా ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అని నవ్వేవాళ్లు నవ్వారు. కానీ ఆయన చేసిన వస్తువు నలభై ఏళ్లలో ఒక్కటి కూడా వెనక్కి రాలేదు.

ఆయన పెళ్లి కూడా ఒక పీట వల్లే అయింది, చెప్పొద్దూ! పాతికేళ్ల వయసులో చొక్కా కుట్టించుకుందామని దర్జీ కొట్టుకు వెళ్లాడు. అక్కడ ఒక పిల్ల ఎత్తు పీట మీద కూర్చుని, నడుం వంచేసుకుని మిషను కుడుతోంది. ఈయన చొక్కా సంగతి మర్చిపోయాడు.

"ఆ పీట నీకు మూడంగుళాలు ఎక్కువ" అన్నాడు.

ఆ పిల్ల తలెత్తి చూసింది. "నువ్వేసుకున్న చొక్కా నీకు నాలుగంగుళాలు ఎక్కువ. నేనేమైనా అన్నానా?"

చొక్కా తీసుకోవడానికి వెళ్లిన రోజు చంకలో కొత్త పీట పెట్టుకుని వెళ్లాడు. "అందం చూసి కాదు, ఆస్తి చూసి కాదు, నడుం నొప్పి తగ్గిందని చేసుకున్నా" అని ఆవిడ ఇప్పటికీ వచ్చినవాళ్లందరికీ చెబుతుంది. ముప్పై ఆరేళ్లయింది. పిల్లలు పుట్టలేదు. బాధపడాల్సిన రోజుల్లో బాధపడ్డారు, తర్వాత పనిలో పడ్డారు. ముందు గదిలో ఆవిడ మిషను, వెనక షెడ్డులో ఈయన రంపం, మధ్య గోడకు అటూ ఇటూ పొద్దస్తమానం వాదులాట.

ఒక చలికాలం పొద్దున వీధి చివరి సర్కారు బడి నుంచి కబురొచ్చింది. పెద్ద టీచరమ్మ గది తలుపు బిగుసుకుపోయిందట, కాస్త చిత్రిక పట్టాలట. మేస్త్రి వెళ్లాడు. ఆ బడిలో అయిదు తరగతులు, తరగతికి పన్నెండు మంది చొప్పున అరవై మంది పిల్లలు. ఒక్క బల్ల లేదు. మూడో తరగతి పిల్లలు గచ్చు మీద బోర్లా పడుకుని రాసుకుంటున్నారు. ఒకడి మోచేతులు రెండూ ఒరుసుకుపోయి నల్లగా కాయలు కాచాయి. పైన మాత్రం చలికాలమైనా ఫ్యాను రివ్వున తిరుగుతోంది.

"ఇదేంటమ్మా! నెత్తిన ఫ్యాను ఉంది, కింద బల్ల లేదు?" అన్నాడు మేస్త్రి.

పెద్ద టీచరమ్మ నవ్వింది. "ఫ్యాన్లు సిమెంటు షావుకారు గారిచ్చారు మేస్త్రీ గారూ. రెక్కరెక్కకీ ఆయన పేరు రాయించారు. తీరా తిప్పితే పేరు కనపడదు కదా! చుట్టాలను వెంటబెట్టుకొచ్చినప్పుడల్లా 'ఒక్క నిమిషం ఆపండమ్మా' అంటారు. ఆపుతాం. చుట్టాలు చదువుకుంటారు, మేం మళ్లీ తిప్పుకుంటాం. ఇక బల్లలంటారా, నాలుగేళ్లుగా అర్జీ పెడుతూనే ఉన్నాను. మా వరస ఇంకా రాలేదట."

నవ్వితే నవ్వారు గానీ, షావుకారు గారి గాలి గాలే. ఎండల్లో ఆ పిల్లలు ఉడికిపోకుండా ఉన్నది ఆయన చలవే. ఇచ్చినవాణ్ని వెక్కిరించే ముందు మనమేం ఇచ్చామో చూసుకోవాలి. మేస్త్రికి సరిగ్గా అదే తట్టింది. ఏళ్ల తరబడి ఆ బడి ముందు నుంచే నడిచి వెళుతున్నాడు, ఒక్కనాడు లోపలికి తొంగి చూసిన పాపాన పోలేదు. తను చదివింది నాలుగో తరగతి, అదీ సగమే. ముందొచ్చినవాళ్లకు బల్ల, వెనకొచ్చినవాళ్లకు నేల. స్తంభం వెనక నేల మీద కూర్చునేవాడు. అయ్యవారి కంటికి ఆనేవాడు కాదు. రెండు నెలలు రోజూ బడికి వెళ్లినా హాజరు పట్టీలో రాలేదనే పడింది. ఉన్నా లేనట్టే అయినప్పుడు వెళ్లి ఏం లాభమని మానేసి, బాబాయి షెడ్డులో ఉలి పట్టాడు.

తలుపు పని అరగంటలో అయిపోయింది. ఇంటికొచ్చి అన్నం ముందు కూర్చున్నాడు కానీ ముద్ద దిగలేదు.

"ఏమే, షెడ్డులో టేకు దూలాలున్నాయి కదా..." అని నసిగాడు.

"ఎందుకు లేవూ? పాత పిండిమర పడగొట్టినప్పుడు కొన్నావు. పదకొండేళ్లుగా అవి నా అలమార. ఏటా వచ్చే ఏడే అంటావు. నా బట్టలింకా ట్రంకు పెట్టెలోనే మగ్గుతున్నాయి" అంది ఆవిడ మిషను ఆపకుండానే.

మేస్త్రి ఆ పిల్లాడి మోచేతుల సంగతి చెప్పాడు. మిషను ఆగింది.

"ఎంతమంది?"

"అరవై."

ఆవిడ చేతిలోని గుడ్డ మడిచి పక్కన పెట్టింది. "బట్టలదేముంది, పెట్టెలో ఉన్నా ఎక్కడున్నా వాటికి ఒకటే. కానీ ఒక మాట. ఆరంభ శూరత్వం చూపించి సగంలో చేతులెత్తేశావంటే ఆ పిల్లల ముందు నీకే కాదు, నాకూ తలవంపులే."

మర్నాడే మేస్త్రి బడికి వెళ్లి, అరవై మందినీ వరండాలో నిలబెట్టి మాటిచ్చాడు. "వేసవి సెలవులు అయిపోయి బడి తెరిచేనాటికి మీలో ఒక్కరు కూడా నేల మీద కూర్చోరు. ఎవరి కొలతకు వాళ్ల బల్ల. ఇది నా మాట!" పిల్లలు కేకలు పెట్టారు. టేపు కనపడగానే తోసుకుంటూ వచ్చేశారు. ఒకడు ఎత్తుగా కనపడాలని మునివేళ్ల మీద లేచాడు, మేస్త్రి వాడి నెత్తిన పుస్తకం పెట్టి కిందికి దించాడు. అయిదో తరగతిలో నిచ్చెన అని అందరూ పిలిచే పొడుగు పిల్ల ఒకతి ఉంది. "తాతా, నాకు టేపు చాలుతుందా?" అని అడిగింది. "చాలకపోతే నిన్నే కోసి సరిచేస్తా, కదలకు" అన్నాడు. అంత నవ్వు ఆ వరండా అంతకు ముందు విని ఉండదు. ఎత్తు ఎత్తు చూసి ఇద్దరిద్దరిని జత కలిపి, కూర్చునే చెక్కా రాసుకునే పై చెక్కా కలిసి ఉండేలా జతకో బల్ల లెక్కన ముప్పై బల్లల కొలతలు రాసుకున్నాడు.

అంతవరకూ బాగానే ఉంది. కానీ సర్కారు బడికి ఊరికే ఇస్తానన్నా ఊరికే పుచ్చుకోరు. విద్యాశాఖ ఆఫీసరు గారు ఒప్పుకోవాలి. ఆయన సొరుగులోంచి ఒక కాగితం తీసి పెద్ద టీచరమ్మ ముందు పెట్టాడు. అందులో బల్లలన్నిటికీ ఒకే కొలత.

"సార్, ఆరేళ్ల పిల్లకీ పదేళ్ల పిల్లాడికీ ఒకే ఎత్తా?" అంది ఆవిడ.

"కాగితంలో ఒకే ఎత్తమ్మా" అన్నాడు ఆయన.

పెద్ద టీచరమ్మ వదిలే రకం కాదు. చెప్పులరిగేలా తిరిగింది. ఎండలు ముదిరాక ఆఫీసరు గారు విసిగిపోయి ఒక షరతు పెట్టాడు. బడి తెరిచిన రోజు పది గంటలకు తనే వచ్చి చూస్తాడట. పిల్లలు సరిగ్గా కూర్చోగలిగితే అక్కడికక్కడే సంతకం. కూర్చోలేకపోతే బల్లలన్నీ గోదాములోకి, పిల్లలు మళ్లీ నేల మీదికి.

"మన కొలత తప్పుతుందా ఏంటి!" అని మేస్త్రి తేలిగ్గా నవ్వేశాడు.

ఆ వేసవంతా వేరే పని ముట్టుకోలేదు. ఇద్దరు పనివాళ్లు దూలాలు కోస్తుంటే తను చిత్రిక పట్టాడు. షెడ్డులో మోకాలి లోతు పొట్టు. పిల్లల బట్టలు చిరగకుండా అంచులన్నీ అరచేత్తో తడిమి తడిమి నున్నగా చేశాడు. వానలకు చెక్క ఉబ్బుతుందని ప్రతి అతుకులో వెంట్రుకంత సందు వదిలాడు. ఏ బల్ల ఎవరిదో కలిసిపోకుండా కూర్చునే చెక్క అడుగున ఆ ఇద్దరి పేర్లూ పెన్సిలుతో రాశాడు. ఇంటావిడ షెడ్డులోకి వచ్చి ఏదో చెప్పబోతే, "నీ గుడ్డ కొలతలు నీవి, నా కర్ర కొలతలు నావి. ఇటు రాకు" అన్నాడు. "మహారాజులా చేసుకో" అని ఆవిడ వెళ్లిపోయింది.

బడి తెరిచిన రోజు తెల్లారేసరికి బళ్ల మీద బల్లలు దిగాయి. పోయిన ఏడు ఒకటిలో ఉన్నవాళ్లు ఇప్పుడు రెండులో ఉంటారు కదా, వాళ్ల బల్లలు రెండో తరగతి గదిలో పెట్టించాడు. రెండువి మూడులో, మూడువి నాలుగులో. నాలుగు నుంచి వచ్చినవి అయిదులో. చివరికి వరండాలో ఆరు బల్లలు మిగిలాయి.

"ఈ ఆరూ పోయినేటి అయిదో తరగతి పిల్లలవి. వాళ్ల గది ఏదమ్మా?" అని అడిగాడు.

పెద్ద టీచరమ్మ ఆయన మొహం వైపు వింతగా చూసింది. "వాళ్లు పెద్ద బడికి వెళ్లిపోయారు కదండీ!"

మేస్త్రికి ఒక్క క్షణం అర్థం కాలేదు. ఈలోపు ఒకటో తరగతి గదిలోంచి ఏడుపులు వినపడ్డాయి. వెళ్లి చూస్తే పన్నెండు మంది బుల్లి పిల్లలు నేల మీద కూర్చుని గుక్కపెట్టి ఏడుస్తున్నారు.

"వీళ్లెవరు? వీళ్లని నేను కొలవలేదే!"

"ఈ ఏడు చేరినవాళ్లండీ."

అప్పుడే గంట కొట్టారు. మిగతా గదుల్లోకి పిల్లలు వరదలా వచ్చిపడ్డారు. అడుగున పేర్లు వెతుక్కుని, అరుచుకుంటూ ఎవరి బల్లలో వాళ్లు దూరారు. దూరారు కానీ కూర్చోలేకపోయారు. మోకాళ్లు పై చెక్కకు కొట్టుకుంటున్నాయి. ఒకడు కాళ్లు పక్కకు పెట్టాడు, ఒకడు ఎగిరి పైనే కూర్చున్నాడు. మేస్త్రి ఒక్క అంగలో లోపలికి వెళ్లాడు. టేపు తీసి మోచేతుల పిల్లాణ్ని కొలిచాడు. నోటు పుస్తకం చూశాడు. మళ్లీ కొలిచాడు. వేలు దూరే సందు కూడా లేకుండా చేయడమే తన గొప్ప. పిల్లాడేమో పుస్తకంలో ఉన్నదాని కన్నా ఎక్కువ ఉన్నాడు.

"టేపు చెడిందా ఏంటి?" అన్నాడు నీరసంగా.

"మేస్త్రీ గారూ, మీరు కొలిచి ఆరు నెలలైంది. పిల్లలు పెరుగుతారండీ. అదే కదా వాళ్ల పని!" అంది పెద్ద టీచరమ్మ.

చెక్క ఉబ్బుతుందని సందు వదిలిన మనిషికి పిల్లలు పెరుగుతారని తట్టలేదు. ఆయన్ని తప్పు పట్టి లాభం లేదు. ఇన్నేళ్లూ కొలిచిందంతా పెద్దవాళ్లనే. పెద్దవాళ్లు అడ్డంగా పెరిగితే పెరుగుతారు కానీ నిలువుగా పెరగరు. పిల్లాడి ఎత్తు గోడ మీద ఏటా గీత గీసి చూసుకునే అవకాశం ఆయనకు రాలేదు. మెట్టు మీద కూలబడి తల పట్టుకున్నాడు. తొమ్మిదింపావైంది. పదకొండేళ్ల టేకు, ఒక వేసవి, అరవై మందికిచ్చిన మాట, అన్నీ కలిసి గోదాములోకి పోబోతున్నాయి. నాలుగో తరగతి మానేసిన రోజు కూడా ఆయనకు అంత ఏడుపు రాలేదు.

అదే సమయానికి ఇంటావిడ, తను కుట్టిన కొత్త యూనిఫారాల మూట నెత్తిన పెట్టుకుని వచ్చింది. మొగుణ్ని చూసింది. గదుల్లోకి తొంగి చూసింది. మూట దింపి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, కళ్లలో నీళ్లొచ్చేలా నవ్వింది.

"నవ్వుతావేమే! కొంప మునిగి నేనేడుస్తుంటే!"

"మునగలేదు గానీ లే! చొక్కా పొట్టిదైతే పారేస్తామా? చిన్నాడికి తొడుగుతాం. ఒక్కో బల్లా ఒక్కో తరగతి కిందికి దించు. రెండులో ఉన్నవి ఒకటికి, మూడువి రెండుకి. వరండాలో దిక్కులు చూస్తున్నాయే ఆ ఆరు, అవి అయిదుకి. ఇంతోటి దానికి తల పట్టుకున్నాడు, మహా కొలతల మేస్త్రి!"

మేస్త్రి నోరు తెరుచుకుని చూశాడు. తర్వాత ఒక్క గెంతు గెంతాడు. అరవై ఒకటో ఏట అలా గెంతొచ్చని ఆయనకే తెలియదు.

కానీ పిల్లలు ఒప్పుకోవద్దూ? "ఇది నాది! కింద నా పేరుంది!" అని బల్లల్ని కరుచుకుని కూర్చున్నారు. మోచేతుల పిల్లాడైతే మోకాళ్లు నొప్పెడుతున్నా కదలనన్నాడు. మేస్త్రి వాడి ముందు గొంతుక్కూర్చున్నాడు.

"ఒరే నాయనా, తప్పు నాది. నువ్వు పెరిగావు, నా బల్ల పెరగలేదు. ఇది మూడో తరగతి చిన్నాడికి ఇచ్చెయ్యి. వాడి పేరు కూడా నీ చేత్తోనే రాయి. ఇస్తున్నది నేను కాదు, నువ్వు" అని చెవి మీది పెన్సిలు తీసి ఇచ్చాడు.

వాడు పెన్సిలు వైపు చూశాడు, ఆయన వైపు చూశాడు. బల్ల కింద దూరి పేరు రాయడం మొదలెట్టాడు. అంతే! ఒకణ్ని చూసి ఒకడు, పెన్సిలు నాకంటే నాకని ఎగబడ్డారు. తర్వాత చూడాలి ఆ సంబరం. వరండా పొడుగునా బల్లలు నడిచాయి. ముందు ఇద్దరు, వెనక ఇద్దరు, మధ్యలో అరిచేవాళ్లు నలుగురు. పెద్ద టీచరమ్మ కూడా ఒక కొస పట్టింది.

చివరి బల్ల గడప దాటుతుండగా ఆఫీసరు గారు దిగాడు. గదిగదికీ తిరిగాడు. కాళ్లు నేలకు ఆనాయా, వీపు నిటారుగా ఉందా, అన్నీ చూశాడు. ఒక చోట వంగి మోకాలి పైన తన వేళ్లు దూర్చాడు.

"ఏం మేస్త్రీ, అచ్చంగా కొలతకు చేశానన్నారట. ఇక్కడ రెండు వేళ్లు ఖాళీ ఉందే?"

మేస్త్రికి అబద్ధమాడటం చేతకాదు. జరిగిందంతా పూసగుచ్చినట్టు చెప్పేశాడు. "ఆ రెండు వేళ్లూ నా తెలివి కాదు సార్, నా తెలివితక్కువతనం. ఏడాది తిరిగేసరికి వీళ్లే నింపేస్తారు."

ఆఫీసరు గారు మొదట గంభీరంగానే విన్నాడు. పెద్ద బడికి పోయిన పిల్లల దగ్గరికొచ్చేసరికి ఆపుకోలేకపోయాడు. ఒకటో తరగతి బల్లలో ఇరుక్కుని కూర్చుని, మోకాళ్లు గడ్డానికి తగులుతుండగా సంతకం పెట్టాడు. లేవడానికి ఇద్దరు పట్టుకోవాల్సి వచ్చింది. పిల్లలు ఆ రోజంతా ఆ ముచ్చటే చెప్పుకున్నారు.

సాయంత్రం బడి వదిలే వేళకు మేస్త్రి షెడ్డు ముందు నీళ్లు చల్లుకుంటున్నాడు. వీధి మలుపులో కొత్త సంచులేసుకుని డజను మంది పిల్లలు వస్తున్నారు. ముందు నిచ్చెన. ఆరు నెలల్లో ఇంకో రెండు మెట్లు పెరిగింది.

"తాతా, మా బల్లలేవి? చూద్దామని వచ్చాం" అంది.

చేతిలో చెంబు చేతిలోనే ఉండిపోయింది. పొద్దుటి హడావిడిలో వీళ్ల మాటే మర్చిపోయాడు. "లేవమ్మా" అన్నాడు. "ఈ ఏడు అయిదో తరగతి వాళ్లకు ఇచ్చేశాను. అయినా మీకు బల్లలుంటాయి కదా, అది పెద్ద బడి కదా..."

"ఉన్నాయి తాతా, ఎనిమిదో తరగతి నుంచి. మేం నేల మీదే."

వాళ్లెవరూ కోపంగా లేరు. అదే ఆయన్ని ఎక్కువ బాధపెట్టింది. మీలో ఒక్కరు కూడా నేల మీద కూర్చోరని చెప్పిన నోరు ఇదే. పన్నెండు మంది కూర్చుంటున్నారు. షెడ్డులోకి చూశాడు, పొట్టు తప్ప పుల్ల లేదు. చూపు షెడ్డు దాటి, ముందు గది దాటి, పడక గదిలోకి పోయింది. అక్కడ పెళ్లైన కొత్తలో తను చేసిన టేకు మంచం ఉంది. ఇద్దరి పొడుగూ వెడల్పూ కొలిచి చేసిన మంచం. ఇంట్లో ఇక చెక్క అంటూ మిగిలింది అదొక్కటే. ఆ మాట అనడానికి నోరు రాక భార్య వైపు చూశాడు.

ఆవిడ ఆయన చూపు ఎక్కడెక్కడికి పోయి వచ్చిందో అంతా చూస్తూనే ఉంది.

"చూస్తావేం? కొయ్యి" అంది.

"మరి నువ్వు... నేల మీదా?"

"ఎవరూ నేల మీద కూర్చోరన్నావు. పడుకోరని ఎవరికీ చెప్పలేదుగా!"

పిల్లలు ఘొల్లుమన్నారు. మేస్త్రి కూడా నవ్వాడు.

ఎదురు సెలూన్ ఆయన కత్తెర పట్టుకునే గుమ్మంలోకి వచ్చాడు. "మంచంతో మూడు బల్లలు కూడా రావు మేస్త్రీ. మా ఇంట్లో పాత చెక్క బీరువా ఉంది, పట్టుకుపో. మా ఆవిడకు నేను చెప్పుకుంటా" అని అరిచాడు. లోపల సగం క్షవరంతో కూర్చున్న మనిషి, "మా వీధి తలుపొకటి పాతది పడి ఉంది" అని కుర్చీలోంచే కేకేశాడు.

మేస్త్రి కండువాతో మొహం తుడుచుకుని, టేపు తీసి, నిచ్చెనను గోడకు ఆనుకుని నిలబడమన్నాడు. ఆ పిల్ల చెప్పులు విప్పి బుద్ధిగా నిలబడింది. మోకాలి దగ్గర టేపు పట్టి, పుస్తకంలో రాయబోయి ఆగాడు.

"ఏమే, ఇది ఇంకా ఎంత పెరుగుతుందంటావు?"

ఆవిడ మిషను దగ్గర నుంచి లేచి వచ్చింది. నిచ్చెన మణికట్టు చూసింది, పాదాలు చూసింది, అంగీ మడత ఎంత మిగిలిందో వేలితో చూసింది.

"నాలుగు వేళ్లు కలుపు" అంది.

మేస్త్రి మారు మాట్లాడకుండా రాసుకున్నాడు.